తిరుగుదారి రాయని కథ

కొల్లేటి లంకల్లో బుడమేరు, తమ్మిలేరు పొంగి నీళ్లు ఇళ్లలోకొస్తే జనం గట్టెక్కుతారు. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి లాగేశాక దిగొస్తారు. గట్టుమీద ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు అన్నం పొట్లాలు తెచ్చిస్తారు. "మళ్లీ మీ ఊరికెందుకు వెళ్తున్నారు?" అని ఎవరూ అడగరు. ఆకివీడు వాళ్లం కాబట్టి సాయమన్నా, తిరిగిరావడమన్నా మాకు మొదట తెలిసింది ఇదే.

యుద్ధం తర్వాత అలా ఉండదని పుస్తకాలు చదివి తెలుసుకున్నాం. తెలుగు పుస్తకాలు ఒక సగం చెప్పాయి, ఉర్దూ పుస్తకాలు ఇంకో సగం. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగిన మేం ఆ రెండు సగాలూ కలిపి చూశాం. లెక్క సరిపోలేదు.

ఏలూరు సర్కారు 1766లోనే నిజాం చేతుల్లోంచి కంపెనీకి పోయింది. మా తాతల తాతలకు కూడా నిజాం ఏలుబడి తెలీదు. అయినా రజాకార్ల మాటొస్తే బడిలోనూ, బజారులోనూ, పత్రికాఫీసులోనూ చూపులు మావైపే తిరుగుతాయి. సరే, ఆ చరిత్రకి జవాబు చెప్పాల్సింది మేమే అయితే, ఆ చరిత్రలో చెల్లాచెదురైన ముస్లింలు కూడా మా లెక్కలోకి రావాలి కదా! వాళ్ల దగ్గరకొచ్చేసరికి పేజీ ఎందుకు ఖాళీగా ఉంది?

1947-48లో రజాకార్ల దౌర్జన్యాలకు తాళలేక మధిర, ఖమ్మం వైపు నుంచి జనం కట్టుబట్టలతో ఎల్లదాటి కృష్ణా జిల్లాకొచ్చారు. బెజవాడ వాళ్లను ఆదుకుంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. కాందిశీకులకు ఇంటిదారి తెరుచుకుంది. ఆ తర్వాత సైన్యం కమ్యూనిస్టుల మీదికి మళ్లింది. 1951 దాకా సాగిన ఆ కథనీ తెలుగువాళ్లు రాసుకున్నారు. రాసుకోవాల్సిందే. రజాకార్లు చేసింది చిన్నది చేసి చూపమని మేమడగటం లేదు. రాసినదాని మీద మాకు తగువు లేదు, రాయనిదాని మీదే.

ఆ సెప్టెంబరులోనే ఇంకో వలస మొదలైంది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో తిరిగింది. తక్కువలో తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయంది. లాతూరులో దాదాపు పదివేల మంది ముస్లింలుండేవారు. బృందం వెళ్లేసరికి మూడువేల మంది కూడా కష్టం. వెయ్యికి పైగా చంపబడ్డారు. మిగిలినవాళ్లు ప్రాణాలు తప్ప ఏమీ లేకుండా పారిపోయారు.

ఈ లెక్కని మామూలుగా చావుల కోసమే చూస్తారు. మేం బతికినవాళ్ల కోసం చూస్తున్నాం. ఒక్క ఊరి నుంచే ఆరువేల మంది దాకా ఎటో పోయారు. సైన్యం వచ్చి రెండు నెలలు దాటినా తిరిగి రాలేదు. వాళ్లు వదిలిన ఇళ్లలో ఎవరున్నారు? పొలం ఎవరు దున్నుకున్నారు? తిరిగొస్తామంటే రమ్మన్నదెవరు?

ఆ బృందంలో ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఉన్నాడు. ఉర్దూలో 'లైలా కే ఖుతూత్' రాసినవాడు, హైదరాబాద్‌లో 'పయామ్' పత్రిక నడిపినవాడు. అలాంటి రచయిత చెయ్యి పడిన నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013లో ఎ.జి.నూరానీ పుస్తకంలో అచ్చయ్యాకే చాలామందికి చేతికందింది. మనవాళ్లు ఇప్పటికీ దాన్ని అంకెల కోసమే తిరగేస్తారు. హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్నారన్న సంగతీ అందులో ఉంది. ఒక నవలకు చాలినంత కథ అది. మగ్గం మగ్గాన్ని కాపాడిన కథని మన అభ్యుదయ సాహిత్యం ఎలా వదిలేసింది?

ఆ బృందం ఊళ్లు తిరుగుతున్న రోజుల్లోనే, డిసెంబరు 10న, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన చేసింది. మర్నాడే పాలస్తీనా కాందిశీకులు ఇళ్లకు తిరిగి వెళ్లనివ్వాలని 194వ తీర్మానం చేసింది. పాలస్తీనావాళ్లకు అది కాగితం మీదే మిగిలింది. కాగితమైనా ఉంది. బీదర్ పల్లె నుంచి హైదరాబాద్ మొహల్లాకు పారిపోయినవాడికి అదీ లేదు. 1951 ఒప్పందం ప్రకారం దేశం ఎల్ల దాటితేనే కాందిశీకుడు. సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్ల కోసం మార్గదర్శక సూత్రాలు రావడానికి 1998 దాకా పట్టింది.

చట్టానికి కనపడనివాణ్ణి సాహిత్యం చూడాలి. తెలుగులో నెల్లూరి కేశవస్వామి చూశాడు. 'చార్మినార్ కథలు' రాసినాయన, ఆ కాలం మీద 'యుగాంతం' కథ రాసినాయన. ఆయన పేరు చెప్పాక రెండో పేరు కోసం వెతుక్కోవాలి. ఉర్దూలో ఇబ్రహీం జలీస్ 'దో ముల్క్ ఏక్ కహానీ' రాశాడు. అప్పటికి ఆయన పాకిస్తాన్ చేరాడు. జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్' హవేలీ కూలడాన్ని లోపలి ఆడవాళ్ల వైపు నుంచి చూపింది. గొప్ప నవల. అయినా అది హవేలీ కథే.

తెలుగు గడీ కూలినందుకు సంతోషించింది. ఉర్దూ హవేలీ కూలినందుకు ఏడ్చింది. గడీ లేనివాడు, హవేలీ లేనివాడు, ఊళ్లో మగ్గం నేసుకునేవాడు, దూది ఏకేవాడు ఏ భాషకీ దొరకలేదు. ఇందులో మా తప్పూ ఉంది. నవాబుల జ్ఞాపకాలని మా జ్ఞాపకాలనుకుని మురిసిపోయాం. నవాబు మనకేమిచ్చాడని?

ఇప్పుడు హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలు ఏళ్ల తరబడి గుడిసెల్లో ఉంటున్నారు. బియ్యం ఇచ్చేవాళ్లున్నారు. ఎప్పుడు పోతారని అడిగేవాళ్లున్నారు. 2017లో ఏడు లక్షల మందికి పైగా అరకాన్ నుంచి బంగ్లాదేశ్‌కి పరుగెత్తారు. పోతే కాలిపోయిన ఊరు వాళ్లదవుతుందా, పౌరసత్వం ఇస్తారా అని అడిగేవాళ్లే తక్కువ. బియ్యం ఇవ్వడం సాయమే. కానీ ఇల్లు, పొలం, పేరు తిరిగి ఇవ్వకుండా మనిషిని వెనక్కి పంపడం సాయం కాదు, బరువు దించుకోవడం.

సాహిత్యానికీ ఇదే వర్తిస్తుంది. 'పాపం, ముస్లింలు కూడా చనిపోయారు' అని ఒక వాక్యం పారేయడం పొట్లం విసిరినట్టు. మాకు పొట్లం వద్దు. పారిపోయినవాడు ఏ ఊరివాడో, ఏ మగ్గం వదిలాడో, ఎవరు దాచారో, ఎవరు తరిమారో, తిరిగొచ్చాడో లేదో రాయండి. మేమూ రాస్తాం. ఆనాటి పిల్లలు ఇప్పుడు ఎనభై దాటిన దాదీలు, నానీలు. అడగాల్సింది వాళ్లనే, ఇప్పుడే. గట్టుమీదున్నవాళ్ల పేర్లు తెలియకుండా ఎవరు ఇంటికి చేరారో ఎలా చెప్తాం?