పెంకు ఎత్తి చూసిన పనితనం

రాయి తిరగేస్తే వెలుగు పడగానే పరుగు లంకించుకునే నల్లటి పెంకుపురుగుల్లో చాలావరకు ఒకే కుటుంబానివి. శాస్త్రజ్ఞులు ఆ కుటుంబాన్ని కారాబిడే అంటారు. మనం నేల పెంకుపురుగులు అందాం. పేరు పెట్టినవే సుమారు 40,000 జాతులున్నాయి. వీటిలో ఎక్కువ భాగం వేటాడి బతికేవే. మన వరి చేలలో సుడిదోమను, ఆకుముడత పురుగును పట్టి తినే సన్నటి ఒఫియోనియా ఈ కుటుంబానిదే; మిత్ర పురుగుల జాబితాల్లో రైతులకు పరిచయమైనదే. నల్లటి ఒంటి మీద ఆరు తెల్ల చుక్కలతో మెట్ట నేలల్లో తిరిగే ఆంథియా కూడా ఇందులోదే. జోలికి పోతే మంట పుట్టించే ఆమ్లం చిమ్ముతుంది. ఎగరడం మాత్రం దానికి రాదు.

ఈ కుటుంబంలో ఎగరలేనివి చాలా ఉన్నాయి. ఎగరలేకపోవడాన్ని గుర్తుగా రాసుకుని ఊరుకోకుండా, అందులో వేల ఏళ్ల ప్రయాణాల చరిత్ర ఉందని చూపించినవారు స్వీడన్ కీటక శాస్త్రవేత్త కార్ల్ లిండ్‌రోత్ (1905–1979). లుండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. 1931లో ఐస్‌లాండ్ కీటకాల మీద పుస్తకం తెచ్చారు. 1945–49 మధ్య స్కాండినేవియా, ఫిన్లాండ్ ప్రాంతపు నేల పెంకుపురుగుల మీద జర్మన్ భాషలో మూడు సంపుటాలు వెలువరించారు. ఒకటి జాతుల వివరాలకు, ఒకటి పూర్తిగా పటాలకు, మూడోది చర్చకు. ఆ వరుస కావాలని ఎంచుకున్నదే అనిపిస్తుంది. ముందు చూసింది చెప్పాలి, తర్వాతే అనుకున్నది చెప్పాలి.

పెంకుపురుగుకు రెండు జతల రెక్కలు. ముందు జత గట్టిపడి వీపు మీద పెంకులా కప్పుకుంటుంది. ఎగరడానికి పనికొచ్చేది దాని కింద మడతపెట్టి ఉండే పల్చటి వెనక జత. నేల పెంకుపురుగుల్లో కొన్నిచోట్ల ఒకే జాతిలో కొన్నిటికి ఆ వెనక రెక్కలు నిండుగా ఉంటాయి, కొన్నిటికి మొండి ముక్కలు మాత్రమే ఉంటాయి. పైనుంచి చూస్తే తేడా అంతగా తెలియదు. ఒక్కొక్క పురుగునూ పట్టుకుని పెంకు ఎత్తి చూడాలి. లిండ్‌రోత్ ఓపిగ్గా ఆ పని చేశారు. ఏ ఊరి పురుగుల్లో ఎన్నిటికి పొడుగు రెక్కలు, ఎన్నిటికి పొట్టి రెక్కలు అని లెక్క కట్టారు.

లెక్కతో ఆగితే అది జాబితా అయ్యేది. టెరోస్టికస్ ఆంథ్రాసినస్ అనే జాతిని పెంచి, రెండు రకాలనూ జత కట్టించి చూశారు. 1946లో అచ్చయిన ఆ పత్రం కొద్ది పేజీలదే. పొట్టి రెక్క బహిర్గత లక్షణం, పొడుగు రెక్క అంతర్గత లక్షణం అని తేలింది. మెండెల్ బఠాణీల లెక్కే ఇక్కడా నడిచింది. ఇక్కడినుంచి ఆయన కట్టిన తర్కం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పొడుగు రెక్కల పురుగులో పొట్టి రెక్కల జన్యువు దాగి ఉండే వీల్లేదు. కాబట్టి ఎగిరి వచ్చి కొత్త నేల మీద దిగిన జంటకు పుట్టేవన్నీ పొడుగు రెక్కలవే అవుతాయి. బయలుదేరే ముందే పొట్టి రెక్కల మగదానితో కలిసిన ఆడపురుగు వస్తే తప్ప ఈ లెక్క తప్పదు. పొట్టి రెక్కలది నడిచే రావాలి, అందుకు చాలా కాలం పడుతుంది. పాత కాపురాల్లోనేమో ఎగరగలిగినవి కొన్ని ఎప్పటికప్పుడు వెళ్లిపోతుంటే, ఉండిపోయేవాటిలో పొట్టి రెక్కలవి పెరుగుతాయి. ఒక చోటి పురుగుల్లో ఏ రెక్కలు ఎక్కువో చూస్తే అవి అక్కడికి నిన్నమొన్న వచ్చాయో, తరాలుగా ఉన్నాయో చెప్పవచ్చు. గట్టు తగాదాలో పాత దస్తావేజు తీసినట్టు, ఆయన పురుగు రెక్కను సాక్ష్యానికి తెచ్చారు.

స్కాండినేవియా మంచుయుగంలో మంచు కింద మునిగిపోయి తేరుకున్న నేల. అక్కడి ప్రాణులన్నీ ఎక్కడినుంచో తిరిగి రావలసినవే. రెక్కల పటాలు ఆ రాకడ దారులను చూపాయి. నార్వే తీరంలో మంచు కప్పని చోట్లు కొన్ని మిగిలాయని, కొన్ని జాతులు అక్కడే తలదాచుకుని బతికాయని కూడా లిండ్‌రోత్ వాదించారు. ఈ రెండో మాట మీద వివాదం చాలా నడిచింది, ఒప్పుకోనివారు ఎందరో ఉన్నారు. నాకు మాత్రం ఆ వాదన గెలుపోటముల కన్నా, దాన్ని ఎదిరించేవారు కూడా ఆయన పటాలనే తెరిచి మాట్లాడవలసి రావడం పెద్ద విషయంగా కనిపిస్తుంది.

1957లో వచ్చిన పుస్తకం యూరప్‌కూ ఉత్తర అమెరికాకూ ఉమ్మడిగా ఉన్న జీవుల గురించి. న్యూఫౌండ్‌లాండ్‌లో యూరప్ జాతుల పెంకుపురుగులు అన్ని ఎలా వచ్చాయి? అట్లాంటిక్ మీదుగా ఒకప్పుడు నేల వంతెన ఉండేదన్న ఊహ అప్పట్లో కొందరికి ఉంది. లిండ్‌రోత్ ఓడల వైపు చూశారు. నైరుతి ఇంగ్లండ్ రేవులనుంచి కాడ్ చేపల కోసం వెళ్లే ఓడల్లో పోయేటప్పుడు సరుకు తక్కువ. ఖాళీ ఓడ తూలకుండా అడుగున రాళ్లు, మట్టి నింపేవారు. అవతలి ఒడ్డున అదంతా దించేసి చేపలు ఎక్కించుకునేవారు. రేవు చరిత్ర చదివి ఇంత ఊహించడం ఎవరికైనా సాధ్యమే. లిండ్‌రోత్ 1954లో ఇంగ్లండ్ వెళ్లి, ఆ మట్టి తవ్విన చోట్లనే వెతికి పురుగులు పట్టారు. సముద్రం అవతల తను చూసినవాటిలో చాలా జాతులు అక్కడ దొరికాయి. పొడి నేలల్లో, మనుషులు తొక్కి తవ్విన చోట్ల బతికేవి, వాటిలో ఎగరలేనివి కూడా. నేల వంతెన మీద నడిచి వచ్చినవైతే ఇలా రేవు మట్టికి సరిపడేవే వరసగా ఉండాల్సిన పని లేదు.

సున్నపురాయి నేలల్లోనే దొరికే జాతుల విషయంలోనూ ఇదే పద్ధతి. వాటికి సున్నం కావాలా, లేక ఆ నేల వెచ్చగా, పొడిగా ఉండటం కావాలా అని పరీక్షించి, రెండోదే అసలు కారణమని తేల్చారు.

వర్గీకరణలో ఆయన పనితనం చూడాలంటే 1961–69 మధ్య వచ్చిన కెనడా, అలాస్కా నేల పెంకుపురుగుల గ్రంథం తీయాలి. ఆరు భాగాలు, 1,200 పేజీలకు దగ్గర. ప్రజాతులను గుర్తించే పట్టిక ఉన్న మొదటి భాగం అన్నిటికన్నా చివర, 1969లో వచ్చింది. లోపలి జాతులన్నీ తేలాకే గుమ్మం కట్టారన్నమాట. ఈ కుటుంబంలో పోలికలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, కంటి పైన నిలిచిన వెంట్రుక ఒకటా రెండా అన్నది కూడా లెక్కే. హార్పాలస్ అనే ప్రజాతి బంధువులకు ఒకటే, టెరోస్టికస్ బంధువులకు రెండు. అదీ చాలనప్పుడు మగపురుగు జననాంగం తీసి దాని ఆకారం చూస్తారు. లిండ్‌రోత్ ఒక్కో జాతికి ఆకార వర్ణనతో పాటు రెక్కల స్థితి, అది ఉండే నేల, దొరికే మేర రాశారు. పేరు తెలుసుకుందామని పుస్తకం తెరిచినవాడికి ఆ పురుగు బతుకు కూడా తెలుస్తుంది.

అమెరికా సైన్యంలో ఇంజనీరుగా ఉన్న థామస్ లింకన్ కేసీ (1857–1925) పెంకుపురుగుల్లో కొద్దిపాటి తేడాకు కూడా కొత్త జాతి పేరు పెట్టేవారు. ఆ పేర్ల గుట్ట తర్వాతి వారికి పెద్ద తలనొప్పి. లిండ్‌రోత్ కేసీ నమూనాలను దగ్గర పెట్టుకుని, ఏ పేరుకు ఏ పురుగు ఆధారమో నిర్ణయించి 1975లో ప్రచురించారు. చాలా పేర్లు పాత జాతుల్లో కలిసిపోయాయి. కేసీని తీసిపారేయకుండా ఒక్కో పేరుకూ ఆధారపు నమూనాను నిలబెట్టడంతో, రేపు తనతో విభేదించే వ్యక్తి సరిగ్గా ఆ పురుగునే తీసి చూసుకునే వీలు మిగిలింది.

కొత్తగా చదవాలనుకునేవారు 1974లో వచ్చిన ఆయన బ్రిటిష్ కరదీపికతో మొదలుపెట్టవచ్చు. అది చిన్నది, ఒకే దేశానిది. మన దేశపు పురుగులకు కీటక శాస్త్రవేత్త ఆండ్రూస్ రాసిన 1929, 1935 సంపుటాలు ఉన్నాయి. అవి కుటుంబం మొత్తాన్ని చుట్టిరావు. రెండూ పక్కన పెట్టుకుంటే, మన చేలోని ఒఫియోనియాను చూసేటప్పుడు ముందు ఎక్కడ చూడాలో తెలుస్తుంది: కంటి పైన వెంట్రుకలు, తర్వాత పెంకు కింద.