పరిగణనమును ఆదిశబ్దమును

శాస్త్రవ్యాసమును బరీక్షించువారు లక్షణములను శోధింతురు, హేతువులను విమర్శింతురు, దృష్టాంతములు పొసఁగినవో లేదో చూతురు. పరిగణనమును మాత్రము చదివి దాఁటిపోవుదురు. పేర్లు వరుసగాఁ జెప్పుటలో విమర్శింపఁదగిన దేమున్నదని వారి తలంపు కాఁబోలు. కాని పరిగణనమును ఒక ప్రతిజ్ఞయే. ఇవి యొక్క జాతివి, ఇవి పరస్పరభిన్నములు, ఇవి యిన్నియే యను మూఁడు మాటలు దానిలో నిమిడియున్నవి. ఇందొక్కటి తప్పినను బరిగణనము దుష్టమగును. న్యాయభాష్యకర్తయగు వాత్స్యాయనుఁడు శాస్త్రప్రవృత్తి ఉద్దేశము, లక్షణము, పరీక్ష యని త్రివిధమని చెప్పెను. పదార్థములను బేరితోఁ జెప్పుట ఉద్దేశము. మొదటిదగు ఉద్దేశమే చెదరినచో వెనుకటి రెండును నిలువవు.

వైశేషికమునందలి గుణపరిగణనము దీనికి మంచి యుదాహరణము. కణాదుని సూత్రమున 17 గుణములు పేర్కొనఁబడినవి. వానితో నొక చకారము మాత్రము చేర్పఁబడినది. గురుత్వము, ద్రవత్వము, స్నేహము, సంస్కారము, ధర్మము, అధర్మము, శబ్దము అను 7 గుణములు ఆ చకారముచేతనే సంగ్రహింపఁబడినవని ప్రశస్తపాదుఁడు వ్యాఖ్యానించెను. ఇట్లు గుణములు 24 అయినవి. శబ్దవిచారము సూత్రములందే వేఱొకచోటఁ గలదు గాన ఆ వ్యాఖ్య నిరాధారము గాదు. అయినను సూత్ర మొక్కటియే చేతనున్నవానికి, ఆ చకారము వట్టి సముచ్చయార్థకమో, చెప్పనివానిని గూడ లోఁగొన్నదో తెలియు మార్గము లేదు. సూత్రమునకు భాష్యకారుఁడు గలఁడు. నేఁటి శాస్త్రవ్యాసమునకు లేఁడు. వ్యాసకర్త "మొదలగునవి" యని విడిచినదానిని బూరించువాఁడు చదువరియే. పదుగురు చదువరులు పదివిధములఁ బూరింతురు.

ఆంధ్రుఁడగు అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమున మార్గము వేఱు. పదార్థములు 7, ద్రవ్యములు 9, గుణములు 24, కర్మములు 5 అని సంఖ్యను గూడఁ జెప్పి పేర్లనిచ్చెను. సంఖ్యవలనఁ బ్రయోజనములు రెండు. లేఖకుఁ డొక పేరు విడిచినచో లోపము వెంటనే బయటపడును, ఇది చిన్నది. రెండవది పెద్దది. ద్రవ్యములు తొమ్మిదియే యని యవధారణము చేసినందున, తమస్సు పదియవ ద్రవ్యము గదా యను నాక్షేపమునకుఁ జోటు గలిగెను. దీపికలో నతఁడే ఆ యాక్షేపము నెత్తుకొని, తమస్సు తేజోఽభావమే గాని ద్రవ్యము గాదని సమాధానము చెప్పెను. ద్రవ్యములు పృథివి మొదలైనవని విడిచియున్నచో ఆ యాక్షేపమే పుట్టదు, విచారమును సాగదు. ఖండింప నవకాశమిచ్చు పరిగణనమే శాస్త్రమునకుఁ బనికివచ్చును.

పాశ్చాత్యరసాయనశాస్త్రమునందును ఇట్టిదే యొకటి కానవచ్చును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడగు లవోయిజియే 1789లోఁ బ్రకటించిన గ్రంథమున సరళద్రవ్యములు 33 అని నాలుగు వర్గములుగాఁ బట్టిక వేసెను. అందు ప్రాణవాయువు, గంధకము, బంగారము మొదలుగాఁ దగినవియు నున్నవి; వెలుఁగును, ఉష్ణద్రవ్యమును అను తగనివియు నున్నవి. సున్నము, మెగ్నీషియా, బెరైటా అను మృత్తికలు గూడ నందే చేరినవి. ఐనను ఆ పట్టిక నిరర్థకము గాలేదు. ఏలయన, విభజింప సాధ్యము కానిదే సరళమని, అదియు నప్పటి ప్రయోగముల మేరకే యని యతఁడు నియమమును స్పష్టముగాఁ జెప్పియుండెను. 1808లో హంఫ్రీ డేవీ ఆ మూఁడు మృత్తికలను విద్యుచ్ఛక్తిచే విభజించి క్రొత్త లోహములను జూపఁగా, ఏ నియమముచే నవి చేర్పఁబడెనో ఆ నియమముచేతనే తొలఁగిపోయినవి. పేర్లు తప్పినను నియమము నిలిచినది.

ఐనచోఁ బ్రకృతి యనంతము గదా, అన్నిటిని లెక్కించుట యెట్లు, ఆదిశబ్దము లేక వ్రాయవచ్చునా యని శంకింపవచ్చును. దీనికి వైయాకరణులే సమాధానము చూపిరి. పాణిని సూత్రములందు సర్వాది యన్నచో గణపాఠమునఁ బఠింపఁబడిన శబ్దములే గ్రాహ్యములు. అక్కడ ఆదిశబ్దము సంశయము నొసఁగక నియతగణమును జూపును. తుద తెలియని గణములను వారు ఆకృతిగణములని వేఱు పేరిడిరి. రూపమునుబట్టి తక్కినవానిని జేర్చుకొనవలెనని దాని తాత్పర్యము. కావున ఆదిశబ్దము దోషము గాదు. అది నియతగణమును జెప్పునో, ఆకృతిగణమును జెప్పునో తెలుపకుండుట దోషము.

తెనుఁగున వాక్యరచనవలనఁ గలుగు దోషములు మఱికొన్ని గలవు. "ఎండిన వేళ్లును ఆకులును నూఱవలెను" అన్నచో ఎండవలసినవి వేళ్లు మాత్రమేనా, ఆకులును గూడనా? ఆకులు పచ్చివైనచో "పచ్చి యాకులును ఎండిన వేళ్లును" అనవలెను. రెండును ఎండినవైనచో విశేషణమును రెండిఁటికిని జేర్పవలెను. "వడకట్టుట, కాఁచుట, తూఁచిన పిదప నెండఁబెట్టవలెను" అనునది మఱియొకటి. మొదటి రెండు భావార్థకములు, మూఁడవది విధివాక్యము, వరుస తెగినది. వడకట్టుట ముందో, కాఁచుట ముందో చెప్పలేదు. తూఁచుట పరిగణితములలో నొకటియో, ఎండఁబెట్టుటకుఁ గాలమును జూపునదియో తెలియదు. తడితోఁ దూఁచినదానికిని ఎండిన పిదపఁ దూఁచినదానికిని బరిమాణము వేఱు గాన, ఆ వాక్యము నమ్మి ప్రయోగము చేసినవానికి ఫలము తప్పును. క్రమము గల పనులను సంఖ్యతో నేకరూపముగా వ్రాయుటయు, క్రమము లేనివానికి సంఖ్య యిడినచో అది క్రమమును జూపదని తెలుపుటయు యుక్తము. అట్లే, రెండును గావలసినచోట "ను" అనియు, ఒక్కటి చాలినచోట "గాని" యనియుఁ బ్రయోగింపవలెను. రెంటిని విడిచి నడుమ నొక గీఁత గీయుట యర్థమును జదువరిపైఁ ద్రోయుటయే.

"మొదలగునవి" యని వ్రాయఁబోవువాఁడు మూఁడింటిలో నొకటి చేయవలెను. తక్కినవి తెలిసియున్నచోఁ బేర్కొని సంఖ్య చెప్పవలెను. పేర్కొన వలనుగానంత విస్తారములైనచో ఏ లక్షణముచే నవి చేరునో చెప్పవలెను. రెండును సాధ్యము కానిచో, తన శోధన యింతవఱకే సాగినదని స్పష్టపఱుపవలెను. ఈ మూఁటిలో నే యొక్కటి చేసినను పదియవ ద్రవ్యమును జూపఁదలఁచిన యాక్షేపకుఁ డెక్కడ నిలిచి ప్రశ్నింపవలెనో యతనికిఁ దెలియును.