మాహిష్మతి ఎవరి మాట మీద కూలింది?

తెలుగు జానపద సినిమాలో రాజ్యానికీ స్త్రీకీ ఉన్న సంబంధం మొదటినుంచీ చిత్రమైందే. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడు ఉజ్జయిని రాకుమారిని ప్రేమిస్తాడు. ఆమె దక్కాలంటే అతను రాజుతో సమానమైన సంపద సాధించుకు రావాలి. అక్కడ స్త్రీ పందెంలో పెట్టిన బహుమతి. అరవై నాలుగేళ్ల తర్వాత వచ్చిన ‘బాహుబలి’లో (మొదటి భాగం 2015, రెండోది 2017) ఈ లెక్క తిరగబడినట్టు కనిపిస్తుంది. మాహిష్మతిలో దర్బారు నడిపేది శివగామి. ఆమె నోటినుంచి వచ్చిన మాటే చట్టం. ఇంత శక్తిమంతమైన స్త్రీ పాత్రలు తెలుగు తెరమీద ఎప్పుడొచ్చాయని మనలోనే చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో నాకు పేచీ ఉంది.

శివగామి అధికారం ఎవరికోసం అని అడిగితే కథ స్వరూపం బయటపడుతుంది. రాజు చనిపోయాడు, రాణి ప్రసవించి చనిపోయింది. ఇద్దరు పసివాళ్లకీ పాలిచ్చి పెంచుతూ, వాళ్లలో ఒకడు సింహాసనానికి తగినవాడయ్యేవరకూ ఆమె రాజ్యాన్ని కాపాడుతుంది. అంటే అది తల్లిగా ఆమెకి అప్పగించిన కాపలా పని. తిరుగుబాటును అణిచేసినా, కాలకేయులతో యుద్ధం నడిపినా ఆమె తనకోసం ఏమీ కోరుకోదు. అందుకే పితృస్వామ్యానికి ఆమెతో ఏ ఇబ్బందీ లేదు. మొదటి భాగం ప్రారంభంలో నీళ్లలో మునిగిపోతూ ఒక్క చేత్తో పసివాణ్ణి పైకెత్తి పట్టుకున్న దృశ్యం ఈ సినిమాకే గుర్తుగా నిలిచింది. బిడ్డ బతికాడు. ఆ చెయ్యి మాత్రం నీళ్లలో కలిసిపోయింది. ఆ చేతిని మనం పూజించాం. అది మునిగిపోవడం సహజమే అన్నట్టు ఎందుకు అనిపించిందో ఆలోచించలేదు.

ఇక పతనం సంగతి. కుట్ర బిజ్జలదేవుడిది, భల్లాలదేవుడిది. హత్యాయత్నాన్ని కల్పించింది, దాన్ని బాహుబలి మీదకు తోసింది వాళ్లే. కానీ చంపమని ఆజ్ఞ ఇవ్వాల్సింది శివగామి. మగవాళ్ల ద్రోహం తెర వెనక్కి పోయి, తల్లి తొందరపాటు ముందుకొస్తుంది. ఆడదాని పెత్తనం వల్ల ఇల్లు చెడుతుందన్న పాత మాటనే ఇంత పెద్ద కోట కట్టి చెప్పారనిపిస్తుంది. ఆ ఆజ్ఞని అమలు చెయ్యాల్సింది కట్టప్ప. తాతముత్తాతలు ఇచ్చిన మాటకి కట్టుబడ్డ దాసుడు. అమరేంద్రుడు అతన్ని ఆప్యాయంగా మామా అని పిలుస్తాడు గానీ, ఆ దాస్యాన్ని రద్దు చెయ్యడు. స్త్రీ నోటితో ఆజ్ఞ ఇప్పించి, బానిస చేత కత్తి పట్టించి, రాజకుటుంబపు పురుషులు చేతులు కడుక్కున్న హత్య అది.

దేవసేన దీనికి భిన్నం. తన పెళ్లి తనని అడగకుండా ఎలా నిర్ణయిస్తారని నిండు సభలో శివగామినే నిలదీస్తుంది. ఆడవాళ్ల ఒంటిమీద చెయ్యి వేసిన సేతుపతి వేళ్లు నరుకుతుంది. ఇంతవరకూ మనం ఉప్పొంగిపోతాం. కానీ సభలో తీర్పు ఎవరిది? తెగాల్సింది వేళ్లు కాదు, తల అని భర్త కత్తి దూస్తాడు. అక్కడినుంచి ఆ సంఘటన ఆమెది కాకుండా పోయింది. చప్పట్లన్నీ అతనికే. ఆ తర్వాత పాతికేళ్లు గొలుసుల్లో ఉండి, శత్రువు చితికోసం ఆమె పుల్లలు ఏరుతుంది. ప్రతీకారం ఆమెది, సన్నాహం ఆమెది. యుద్ధం మాత్రం కొడుకు రావాలి.

అవంతిక విషయంలో ఈ పద్ధతి మరీ నగ్నంగా కనిపిస్తుంది. దేవసేనను విడిపించడమే లక్ష్యంగా బతికే యోధురాలు. శివుడు ఆమెకి తెలియకుండా చేతిమీద బొమ్మ వేస్తాడు. తర్వాత పాటలో ఆమె పోరాట దుస్తులు తొలగించి, కాటుక దిద్ది, ‘ఆడది’గా మార్చి చూపిస్తాడు. ఆమె లక్ష్యాన్ని కూడా అతనే తీసుకుంటాడు. దీన్ని 2015లోనే అన్నా వెట్టికాడ్ అత్యాచారంగా విమర్శించినప్పుడు పెద్ద గొడవ జరిగింది. 2025లో రెండు భాగాల్నీ కలిపి ఒకటిగా విడుదల చేసినప్పుడు ఆ ప్రేమకథనీ, పాటనీ తీసేశారు. నిడివి కోసం, కథ బిగువు కోసం అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఫలితం చూడండి. అభ్యంతరకరమైన సన్నివేశంతో పాటు ఆ స్త్రీ కూడా దాదాపుగా మాయమైంది. ఆమె కథని సరిదిద్దడం కంటే కత్తిరించడమే సులువైంది.

శివగామి బాల్యం, ఎదుగుదల గురించి ఆనంద్ నీలకంఠన్ 2017లో ఇంగ్లీషులో నవల రాశారు. దాని ఆధారంగా సిరీస్ తీస్తామని 2018లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. కొంత చిత్రీకరణ జరిగాక ఆగిపోయింది. బాహుబలి, భల్లాలుల మీద యానిమేషన్ సిరీస్ మాత్రం 2024లో వచ్చేసింది. ఈ నిర్ణయాల వెనక వ్యాపార కారణాలెన్నో ఉంటాయి. అయినా ఏ కథ ఆగిపోయిందో, ఏది మనదాకా వచ్చిందో గమనించాలి.

ఇది వట్టి కల్పన, ఇంత చర్చ ఎందుకని అనొచ్చు. నేను తడలో కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కనే శ్రీసిటీ. కంపెనీ బస్సుల్లో షిఫ్టులకి వెళ్లే ఆడపిల్లల్లో తమ ఇంట్లో మొదటిసారి జీతం తెచ్చినవాళ్లు ఎందరో. సూళ్లూరుపేట దగ్గర 2019లో తెరిచిన థియేటరులో తెర వెడల్పే దాదాపు నూరడుగులు. ఆ తెరమీద శివగామి ఎంత ఎత్తుగా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు. సంపాదించు, నడిపించు, కానీ చివరికి పగ్గాలు కొడుక్కి అప్పగించు అనే మాట ఈ పిల్లలకి ఇంట్లో రోజూ వినిపించేదే. ఇక్కడికి దగ్గర్లోనే శ్రీహరికోట. రాకెట్ కేంద్రం కోసం యానాదులు తమ అడవిని వదులుకున్న చోటు. నల్లటి ఒళ్లతో, మనకర్థంకాని భాషతో వచ్చే కాలకేయుల్ని చూసి థియేటరులో అసహ్యంతో నవ్వుతున్నప్పుడు, ‘అనాగరికులు’ అనే మాట బయట ఎవరికి తగులుతుందో ఇక్కడున్నవాళ్లకి తెలుసు.

మొదటి బాహుబలి వచ్చిన 2015లోనే ఓల్గా ‘విముక్త’కి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో సీత శూర్పణఖనీ, అహల్యనీ, రేణుకనీ, ఊర్మిళనీ కలుస్తుంది. ఒకరి అనుభవం మరొకరికి వెలుగవుతుంది. మాహిష్మతిలో అలాంటి కలయికకి చోటు లేదు. శివగామీ దేవసేనా నిజం తెలిశాక ఎదురుపడింది కాసేపే. వెంటనే ఒకరికి బాణం, ఒకరికి గొలుసులు. అత్తాకోడళ్లిద్దరూ కుట్ర జరగకముందే నాలుగు మాటలు మాట్లాడుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. వాళ్లని మాట్లాడుకోనివ్వకపోవడం మీదే ఆ రాజ్యం నిలబడింది. ఆ మాటలు రాయడం ఇక మన రచయిత్రుల పని. కోట కట్టక్కర్లేదు, ఇద్దరు ఆడవాళ్లు కూర్చోవడానికి కాస్త చోటు చాలు.