ఎలా చేయాలో చెప్పాలా, ఏం కావాలో చెప్పాలా?

టెండరు తెరిచిన రోజు అందరి కళ్లూ ధర మీదే ఉంటాయి. ఎల్‌-1 (అతి తక్కువ ధర వేసినవారు) ఎవరు, అంచనా కంటే ఎంత శాతం తక్కువకు వేశారు అన్నదే వార్త అవుతుంది. కానీ పోటీకి ఎవరు రాగలరో, ధర ఏ మేరకు దిగగలదో, రేపు వస్తువు చెడిపోతే ఎవరిని నిలదీయాలో చాలావరకు అంతకు ముందే తేలిపోతుంది, స్పెసిఫికేషన్లు రాసేటప్పుడే. కొనేవారు తమ అవసరాన్ని నాలుగు రకాలుగా చెప్పవచ్చు. ఫలానా కంపెనీ ఫలానా మోడలే కావాలనవచ్చు. డ్రాయింగు చేతికిచ్చి, లోహం, మందం, కొలతలు అన్నీ రాసి, అచ్చం ఇలాగే చేయమనవచ్చు. ఎలా చేసినా సరే, ఇంత బరువు మోయాలి, ఇంత వేగం అందుకోవాలి అని పనితీరును మాత్రమే అడగవచ్చు. లేదా తీరాల్సిన అవసరం చెప్పి, దారి వెతికే పని సరఫరాదారుకే వదిలేయవచ్చు. ఒక్కో మెట్టుకీ అతని స్వేచ్ఛ పెరుగుతుంది. ఏ మెట్టు మీద ఆగాలో చెప్పే ప్రధాన ఆధారం నాకు ఒకటే కనిపిస్తోంది. వస్తువు చేతికి వచ్చినప్పుడు దాన్ని పరీక్షించి ఎంతవరకు తేల్చుకోగలమో అంతవరకు స్వేచ్ఛ ఇవ్వాలి. తేల్చుకోలేని చోట పద్ధతిని మనమే రాయాలి, రాసినదాని భారం కూడా మనమే మోయాలి.

పనితీరు మాత్రమే అడిగితే ఏం జరుగుతుందో చెప్పడానికి 1907 డిసెంబరు 23న అమెరికా సైన్యంలోని సిగ్నల్ కోర్ విడుదల చేసిన 486వ నంబరు స్పెసిఫికేషన్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. వాళ్లకు కావలసింది గాలి కంటే బరువైన ఎగిరే యంత్రం. అలాంటిదాన్ని అప్పటికి ఏ సైన్యమూ కొనలేదు. అయినా పత్రంలో రెక్కల ఆకారం లేదు, ఇంజను రకం లేదు, కలపా లోహమా అన్న మాట లేదు. ఇద్దరు మనుషుల్ని మోయాలి, గంటకు 40 మైళ్ల వేగం అందుకోవాలి, 125 మైళ్లకు సరిపడా ఇంధనం పట్టాలి, ఆగకుండా గంటసేపు గాలిలో ఉండాలి, దెబ్బ తినకుండా దిగాలి. వేగం 40కి మించితే ప్రతి మైలుకూ ధరలో 10 శాతం అదనం, తగ్గితే కోత, 36కి దిగువన ఉంటే యంత్రాన్నే తీసుకోరు. 41 టెండర్లు వచ్చాయి; యంత్రం తెచ్చి పరీక్షకు నిలబెట్టింది రైట్ సోదరులు మాత్రమే. 1908 పరీక్షల్లో యంత్రం కూలి లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ మరణించాడు. సైన్యం గడువు పెంచింది గానీ కొలతలు సడలించలేదు. మరుసటి ఏడాది సగటు వేగం 42 మైళ్లు దాటింది. 25,000 డాలర్ల ధరకు 5,000 అదనంగా కలిపి సైన్యం 30,000 చెల్లించింది.

ఆ పత్రం స్వేచ్ఛ ఇవ్వని ఒక చోటు కూడా ఉంది, అది గమనించదగ్గది. యంత్రాన్ని విడదీసి సైనిక బండ్లలో తరలించడానికి వీలుండాలి, మళ్లీ దాదాపు గంటలో బిగించగలగాలి. ఎందుకంటే బండ్లు సైన్యానివి, అవి ముందే ఉన్నవి. కొత్త వస్తువు పాత వ్యవస్థకు అతికే చోట కొనేవాడు పట్టు విడవకూడదు. మన రైల్వే కాంక్రీటు స్లీపర్లదీ అదే సంగతి. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఇచ్చిన డ్రాయింగు ప్రకారమే అవి తయారవుతాయి. ఏ ఫ్యాక్టరీలో పోత పోసినా 1,676 మిల్లీమీటర్ల గేజిని ఒకేలా పట్టి ఉంచాలి కాబట్టి, అక్కడ సొంత తెలివి చూపించమని ఎవరినీ అడగనక్కర్లేదు.

పద్ధతిని మనమే రాసినప్పుడు భారం ఎవరిదన్న ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు 1918లో స్పియరిన్ కేసులో జవాబు చెప్పింది. బ్రూక్లిన్ నౌకాదళ యార్డులో డ్రైడాక్ కట్టే కాంట్రాక్టు అది. అడ్డంగా ఉన్న ఆరడుగుల మురుగుకాలువను ఎలా మళ్లించాలో, ఏ కొలతలతో, ఏ సామగ్రితో కట్టాలో ప్రభుత్వమే రాసిచ్చింది. కాంట్రాక్టరు అలాగే కట్టాడు. దాదాపు ఏడాది తర్వాత భారీ వానకు సముద్రపు పోటు తోడై, కాలువ పగిలి డాక్ తవ్వకం మునిగింది. పక్క కాలువలో ప్లాన్లలో చూపని అడ్డుగోడ ఒకటి ఉందని తర్వాత బయటపడింది. నీ ఖర్చుతో బాగుచేయమంది ప్రభుత్వం, అతను కుదరదన్నాడు. ఇచ్చిన ప్లాను ప్రకారం కట్టినవాడు ఆ ప్లానులోని లోపానికి బాధ్యుడు కాడని, స్థలాన్ని ముందే చూసుకోవాలన్న షరతు ఉన్నంత మాత్రాన ఆ భారం అతని మీదకు రాదని జస్టిస్ బ్రాండైస్ తీర్పు రాశారు. అది పరదేశపు చట్టమే, కానీ అందులోని న్యాయం ఏ దేశంలోనైనా అర్థమవుతుంది.

అయితే అన్నిటికీ పనితీరే అడిగితే సరిపోతుందా? సరిపోదు. దానికి రుజువు మన ఇళ్ల స్లాబుల్లోనే ఉంది. చిన్న పనుల్లో మేస్త్రీ ఒకటి, ఒకటిన్నర, మూడు అని సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు కలుపుతాడు. అది పద్ధతి రాసిచ్చే దారి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ఎం20 గ్రేడు వరకే ఇలాంటి నామినల్ మిక్స్‌ను ఒప్పుకుంటుంది. ఆ పైన డిజైన్ మిక్స్ ఉండాలి. అందులో బలం ఎంతో కొనేవారు చెబుతారు, పాళ్లు కాంట్రాక్టరు తేల్చుకుంటాడు, 150 మిల్లీమీటర్ల క్యూబుల్ని 28 రోజులకు నలగ్గొట్టి చూస్తారు. క్యూబు నిలిస్తే బలం ఉన్నట్టే. కానీ విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉప్పుగాలి లోపలి ఇనుమును తినేయడానికి ఏళ్లు పడుతుంది. 28 రోజుల క్యూబుకు అది తెలియదు. అందుకే తీరప్రాంతపు ఆర్‌సీసీకి అదే కోడ్ బలం ఒక్కటే అడిగి ఊరుకోలేదు. కనీసం ఎం30 గ్రేడు, ఘనమీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, సిమెంటు బరువుకు 0.45 వంతు మించని నీరు అని గిరి గీసింది. కొలవగలిగిన బలం దగ్గర స్వేచ్ఛ ఇచ్చి, అప్పటికప్పుడు కొలవలేని మన్నిక దగ్గర దాన్ని బిగించింది. ఒక స్పెసిఫికేషన్ ఇంత వివేకంగా ఉండగలదని చూస్తే నాకు ఆ కోడ్ రాసినవాళ్ల మీద నిజమైన గౌరవం కలుగుతుంది.

మన టెండర్లలో నన్ను బాధపెట్టేది ఈ వివేకానికి సరిగ్గా విరుద్ధంగా ఉండే అలవాటు. ఒకే గుణానికి పద్ధతినీ రాస్తారు, ఫలితాన్నీ అడుగుతారు. పాళ్లు కచ్చితంగా ఇవే ఉండాలంటారు, బలం ఇంత రావాలనీ అంటారు. రాకపోతే కాంట్రాక్టరు మీ పాళ్లే కలిపానంటాడు, ఇంజనీరు బలం నీ బాధ్యత అని రాశాంగా అంటాడు. ఐఎస్ 456 గీసిన గిరి అలాంటిది కాదు. అది ఇంతకు తగ్గొద్దు, ఇంతకు మించొద్దు అనే హద్దు మాత్రమే, అదీ బలానికి కాదు, మన్నికకు. రెండు వైపులా బిగిస్తే భద్రత రెట్టింపవుతుందని రాసేవారు అనుకుంటారు. నిజానికి బాధ్యత ఇద్దరి చేతుల్లోంచీ జారిపోతుంది.

దీనికి కొనుగోలు అధికారుల నుంచి వచ్చే అభ్యంతరం బలమైనదే. స్వేచ్ఛ ఇస్తే ఒక్కొక్కరు ఒక్కో రకం వస్తువు తెస్తారు, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చేదెలా? ఒకదాన్ని ఎంచుకుంటే రేపు ఆడిట్ అడుగుతుంది, విజిలెన్స్ అడుగుతుంది. డ్రాయింగు ఇస్తే ఆ గొడవే లేదు, తక్కువ వేసినవాడికి ఇచ్చేయవచ్చు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ డ్రాయింగు అవినీతికి అడ్డుకట్ట అన్న నమ్మకమే తప్పు. బ్రాండు పేరు ఎక్కడా రాయకుండా, ఒకే కంపెనీ కేటలాగులోని కొలతలు దించేస్తే ఆ టెండరు ఒక్కరి ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా అవుతుంది. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 144వ నిబంధన వస్తువు వర్ణన వీలైనంత వరకు పనితీరును బట్టి, కొలవడానికి వీలుగా ఉండాలని, ట్రేడ్‌మార్కునో బ్రాండునో సూచించకూడదని చెబుతోంది. అనవసరమైన హంగులు చేర్చి ఖర్చు పెంచవద్దని కూడా అంటోంది. ఇక పోల్చడం సంగతి. 486వ స్పెసిఫికేషన్‌లో సైన్యం స్వేచ్ఛ ఇచ్చింది తయారీలోనే, మూల్యాంకనంలో కాదు. మైలుకు 10 శాతం అన్న లెక్క టెండర్లు రాకముందే రాసి ఉంది. అధికారి విచక్షణ వాడాల్సింది పరీక్షను రాసేటప్పుడు. టెండర్లు తెరిచాక అతనికి లెక్క తప్ప మరో పని మిగలకూడదు.

చిన్న పరిశ్రమల తరఫున వచ్చే అభ్యంతరం నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. పనితీరు అడిగితే డిజైన్ చేసే ఇంజనీర్లు, ప్రయోగశాలలు ఉన్న పెద్ద కంపెనీలే ముందుకు వస్తాయి. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో నాలుగు లేత్‌లు పెట్టుకున్న యూనిట్‌కు డ్రాయింగు ఇస్తే చక్కగా చేసి పెడుతుంది, అవసరం చెప్పి వదిలేస్తే నిలబడలేదు. ఇది నిజం. బెంచీలు, గేట్లు, బిగింపు సామాన్ల వంటి వాటికి డ్రాయింగు ఇవ్వడమే సబబు. వాటిలో కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. మిగతా వాటిలో కొనేవారే పనితీరు ఎంత ఉండాలో రాసి, దానితో పాటు తాము ముందే పరీక్షించి చూసిన నమూనా డ్రాయింగు ఒకటి జత చేయవచ్చు. సొంత డిజైన్ ఉన్నవాళ్లు పరీక్షకు నిలబడతారు, లేనివాళ్లు డ్రాయింగు ప్రకారం చేస్తారు. అయితే ఆ డ్రాయింగు పట్టుకున్న చిన్న యూనిట్‌ను తనిఖీ చేయాల్సింది కొలతలకూ సామగ్రికీ మాత్రమేనని, అవి సరిగ్గా ఉండి వస్తువు పని చేయకపోతే బిల్లు ఆపకూడదని టెండరు షరతుల్లోనే స్పష్టంగా రాయాలి. పరీక్ష ఏ ల్యాబులో జరగాలో, ఫీజు ఎవరు కట్టాలో కూడా అక్కడే ఉండాలి.