సున్నాల జోలికి పోని లెక్క

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సవాలు ఇది. ఒక సంఖ్య ఇస్తారు. దాన్ని బైనరీలో రాస్తే ఎన్ని ఒకట్లు ఉంటాయో చెప్పాలి. 44 ఇచ్చారనుకోండి. బైనరీలో అది 101100. ఒకట్లు మూడు. వేలు పెట్టి లెక్కపెట్టగలిగే ఈ పనిలో పనితనానికి చోటెక్కడిది అనిపిస్తుంది. చాలానే ఉంది.

మామూలుగా ఎవరికైనా తట్టే దారి ఒకటుంది. కుడి చివరి బిట్ చూడాలి, ఒకటైతే కలుపుకోవాలి, సంఖ్యను ఒక స్థానం కుడికి జరపాలి, మళ్లీ చూడాలి. జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ 32 బిట్ల సంఖ్యలో ఉన్న ఒకే ఒక్క ఒకటి ఎడమ కొసన ఉంటే, దాని దగ్గరికి చేరేలోగా 31 సున్నాలను పలకరించాలి.

ఆ సున్నాల జోలికే పోని పద్ధతిని పీటర్ వెగ్నర్ 1960లో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో ప్రచురించారు. సంఖ్యలోంచి ఒకటి తీసెయ్యాలి. వచ్చినదాన్ని పాత సంఖ్యతో ‘యాండ్’ చెయ్యాలి, అంటే రెండింట్లోనూ ఒకటి ఉన్న స్థానాల్లోనే ఒకటి నిలుస్తుంది. దాంతో కుడివైపు చివరి ఒకటి రాలిపోతుంది, మిగతావి చెక్కుచెదరవు. సున్నా వచ్చేదాకా ఎన్నిసార్లు చేస్తే అన్ని ఒకట్లున్నట్టు.

దగ్గరగా చూద్దాం. 44 అంటే 101100, 43 అంటే 101011. యాండ్ చేస్తే 101000, అంటే 40. దాన్ని 39తో యాండ్ చేస్తే 32. దాన్ని 31తో చేస్తే సున్నా. మూడు చుట్లు, మూడు ఒకట్లు.

కిటుకంతా బళ్లో నేర్చుకున్న తీసివేతలోనే ఉంది. 7500లోంచి ఒకటి తీస్తే 7499. సున్నాల దగ్గర ఇవ్వడానికేమీ లేదు కనక 5 దాకా వెళ్లి అప్పు తెస్తాం. 5 తగ్గుతుంది, దాని కుడిపక్క సున్నాలు తొమ్మిదులవుతాయి, ఎడమనున్న 7కు ఈ సంగతే తెలియదు. బైనరీలోనూ అంతే. అప్పిచ్చిన ఒకటి సున్నా అవుతుంది, దాని కుడిపక్క సున్నాలు ఒకట్లవుతాయి. ఆ కొత్త ఒకట్లకు పాత సంఖ్యలో జోడీ లేదు కాబట్టి యాండ్ వాటిని తుడిచేస్తుంది. తీసివేత చిందరవందర చేసిన చోటును యాండ్ సర్దిపెడుతుంది. ఈ పొందిక ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

కెర్నిఘన్, రిచీ తమ ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ పుస్తకంలో దీన్ని అభ్యాసంగా ఇచ్చారు. అందుకే చాలామంది దీన్ని కెర్నిఘన్ పద్ధతి అంటారు. ఆ అభ్యాసంలో ముందు అడిగింది ఇలా ఎందుకవుతుందో వివరించమని. వేగంగా నడిచే ప్రోగ్రాం రాయమన్నది ఆ తర్వాత. వరుస అలాగే ఉండాలి.

సవాలును ఒక మెట్టు పైకెక్కించి, సున్నా నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నింటికీ ఒకట్లు లెక్కపెట్టమంటారు. అప్పుడూ ఈ గమనికే చేయందిస్తుంది. 44లో ఒకట్లు 40లో ఉన్నవాటికన్నా ఒకటే ఎక్కువ. సున్నా నుంచి జవాబులను వరుసగా ఒక పట్టికలో రాసుకుంటూ వస్తే, 40 లెక్క అప్పటికే అందులో ఉంటుంది. దానికి ఒకటి కలిపితే చాలు. ఒక్కో సంఖ్యకు ఒక తీసివేత, ఒక యాండ్, ఒక కూడిక. లోపల మరో లూపు అక్కర్లేదు.

ఈ లెక్క బడి అభ్యాసంతో ఆగిపోలేదు. రెండు సందేశాలు ఎన్ని బిట్లలో తేడాపడ్డాయో తేల్చడానికి, 64 గళ్ల చదరంగం బల్ల మీద బంట్లెన్ని మిగిలాయో చూడటానికి ప్రోగ్రాములు దీన్నే వాడతాయి. ఇప్పటి ప్రాసెసర్లు చాలావాటిలో దీనికోసం ప్రత్యేకంగా ఒక ఆదేశమే ఉంది. అయినా వెగ్నర్ పద్ధతి పాతబడలేదు. సంఖ్య స్వభావాన్ని గమనిస్తే శ్రమ దానంతటదే తగ్గుతుందని ఇంత క్లుప్తంగా నేర్పే పాఠం నాకు మరొకటి కనబడలేదు.

ఈ సవాలు మీ ముందుకొస్తే కీబోర్డు ముట్టుకోకండి. ముందు కాగితం మీద 101100 కింద 101011 రాసి, కాసేపు చూడండి.