బంతి ఆగిపోయే చోటు

ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో నా జట్టు వరసగా ఐదు మ్యాచ్‌లు గోల్ కొట్టకుండా ఆడింది. అందులో ఓడినవి రెండే. మిగతా మూడూ సున్నా-సున్నా. ఓడిపోతే ఒక రకం బాధ, తిట్టుకుని పడుకుంటాం. ఇది అలా కాదు. ప్రతి మ్యాచ్‌లోనూ బంతి ఎక్కువసేపు మా కాళ్ళ దగ్గరే ఉంది. షాట్లు వాళ్ళవి ఐదైతే మావి పద్దెనిమిది. చివర్లో గణాంకాల పేజీ తెరిస్తే గెలవాల్సింది మేమే అనిపిస్తుంది. ఒక్క ఎక్స్‌జీ అనే గడి దగ్గర మాత్రం బండారం బయటపడుతుంది. కొట్టిన ప్రతి షాటూ గోలయ్యే అవకాశమెంతో అంచనా కట్టి, అన్నిటినీ కూడి చూపించే అంకె అది. మా పద్దెనిమిది షాట్లూ కలిపినా ఒక్క గోల్ విలువ చెయ్యవు. అంటే మేం గోల్ మీదికి బంతి విసురుతున్నామే గానీ అవకాశాలు సృష్టించడం లేదు.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పాల్, ఆలివర్ కాలియర్ అనే ఇంగ్లిష్ అన్నదమ్ములు తయారుచేయగా 1992లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ పేరుతో వచ్చింది. ప్రచురణకర్తతో విడిపోయాక, 2004 నుంచి వాళ్ళ సంస్థ దీన్నే ఫుట్‌బాల్ మేనేజర్ అన్న పేరుతో తెస్తోంది. మిగతా ఫుట్‌బాల్ వీడియో గేముల్లోలాగా ఇక్కడ మనం బంతి తన్నం. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి పాత్ర ఏమిటి, ఎంత వేగంగా ఆడాలి, ఇవన్నీ ముందే రాసిస్తాం. తర్వాత పదకొండు మందీ తమకు అర్థమైనట్టు ఆడతారు. ఒక రకంగా నాటకం దర్శకుడి పని. తెర లేచాక పక్కనుంచి అరవడం తప్ప చేయగలిగింది తక్కువ. మనం రాసిన మాట రంగస్థలం మీద ఏమవుతుందో చూడటమే దీని ఆకర్షణ. అందుకే దీన్ని ఒక పుస్తకాన్ని సమీక్షించినట్టు సమీక్షించవచ్చని నా నమ్మకం.

గోల్ రాకపోతే ఎవరైనా ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. జట్టు మెంటాలిటీకి ఈ ఆటలో ఏడు మెట్లున్నాయి, వెరీ డిఫెన్సివ్ నుంచి వెరీ అటాకింగ్ దాకా. మధ్యలో ఉన్నదాన్ని అటాకింగ్‌కి జరిపాను. అదీ చాలక వేగం పెంచాను. నాది 4-2-3-1 అమరిక. స్ట్రైకర్‌కి అటాక్, వెనకాల ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి అటాక్, రెండు వైపుల నుంచీ లోపలికొచ్చే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లిద్దరికీ అటాక్, చివరికి ఇద్దరు వింగ్‌బ్యాక్‌లకీ అటాక్ బాధ్యతే ఇచ్చాను. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని మా నాయనమ్మ అనేది. ఆ మాట అప్పుడు గుర్తు రాలేదు.

చిత్రమేమిటంటే, అంతకు ముందు సీజన్‌లో ఇదే అమరికతో గోల్స్ వరదలా వచ్చాయి. ఇంగ్లండ్ నాలుగో అంచె నుంచి మూడో అంచెకి కొత్తగా ఎక్కిన జట్టు మాది. మమ్మల్ని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. ప్రతివాడూ గెలుద్దామని మీదికొచ్చేవాడు. వాళ్ళ వెనక ఖాళీ ఉండేది, మేం అందులో పరిగెత్తేవాళ్ళం. రెండో ఏడాదికి మాకు పేరొచ్చింది. ఈ ఆటలో పేరు కూడా ఒక లెక్కే. ఎదుటి మేనేజర్లు మమ్మల్ని పెద్ద జట్టుగా చూడటం మొదలుపెట్టి, తమ బాక్సు ముందు రెండు గోడలు కట్టుకుని కూర్చున్నారు. మారింది మేం కాదు, మా ముందున్న నేల. కానీ ఆ ముక్క ఆట ఎక్కడా చెప్పదు. పత్రికా సమావేశాల్లో నూటొక్క పనికిమాలిన ప్రశ్నలు వేయిస్తారు గానీ, 'ఈ మధ్య మీ మీదికి ఎవరూ రావడం లేదు, గమనించారా?' అని ఒక్కడూ అడగడు.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. సెలవులకొచ్చి రెండు మ్యాచ్‌లు నా పక్కన కూర్చుని చూశాడు. "మామయ్యా, నువ్వు ముఖ్యమైన ఘట్టాలే చూస్తున్నావు కదా. ఘట్టాలే లేని మ్యాచ్‌లో అవి చూస్తే ఏం కనిపిస్తుంది?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. వాడు చెప్పింది నిజం కాబట్టి.

ఈ ఆట మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. మొదట్లో ఇందులో మ్యాచ్ అంటే అక్షరాలే. రేడియో వ్యాఖ్యానంలాగా ఒక్కో వాక్యం తెర మీద వెలిగేది. 2003లో పైనుంచి చూసినట్టుగా చుక్కలు కదలడం వచ్చింది. 2009 సంచికతో మనుషుల బొమ్మలొచ్చాయి. చూపించే శక్తి పెరుగుతూ వచ్చింది గానీ, మామూలుగా మనం ఎంచుకునే పద్ధతిలో ఆట చూపించేది గోల్స్, గోల్‌కి దగ్గరగా వచ్చినవి మాత్రమే. మ్యాచ్ పది నిమిషాల్లో అయిపోతుంది. బాగా ఆడే జట్టుకి అది చాలు. అవకాశాలు రాని జట్టుకి జబ్బు ఉన్న చోటే కత్తిరించిన సినిమా అది. ఏ ఘట్టమూ కాకుండా చచ్చిపోయిన దాడులు తెర మీదికే రావు. కోచ్‌కి కావాల్సింది అవే.

ఆ రాత్రి ఒక మ్యాచ్‌ని తొంభై నిమిషాలూ పూర్తిగా చూశాను. మొదటి పావుగంట నిద్రొచ్చింది. ఇరవయ్యో నిమిషం దగ్గర మొదటిసారి విషయం కనిపించింది. బంతి మా మిడ్‌ఫీల్డర్ దగ్గరుంది. వాడి ముందు మా వాళ్ళు ఆరుగురు ఒకే గీత మీద, ఎదుటి డిఫెండర్ల భుజాల పక్కన, రేషన్ షాపు ముందు వరసలాగా నిలబడి ఉన్నారు. ఆ గీతకీ మిడ్‌ఫీల్డర్‌కీ మధ్య పాతిక గజాల మైదానం. అందులో మా మనిషి ఒక్కడూ లేడు, వాళ్ళ మనుషులు నలుగురున్నారు. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు, ఇవ్వడానికి ఎవరూ లేక పాతిక గజాల నుంచి కొట్టాడు. బంతి ప్రేక్షకుల్లోకి పోయింది. గణాంకాల్లో అది ఒక షాటు. మళ్ళీ ఇరవై ఆరులో అదే. ముప్పై మూడులో అదే, కాకపోతే ఈసారి వింగ్‌బ్యాక్ వేసిన క్రాస్ మొదటి డిఫెండర్ తలకి తగిలింది. ప్రతి దాడీ ఇంచుమించు ఒకే చోట ఆగిపోతోంది. కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే, రెండో సగానికి ఆ చోట నల్లగా సిరా మరకే మిగిలింది.

అంటే మాకు కరువైంది దాడి కాదు. ఎదుటివాడు తన చోటు వదిలి కదలడానికి మేం ఏ కారణమూ ఇవ్వడం లేదు. కబడ్డీ చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గొలుసు పట్టుకుని నిలబడ్డ డిఫెండర్ల మీదికి రైడర్ నేరుగా దూకితే దొరికిపోతాడు. అడుగు వెనక్కి వేసి, మూలనున్నవాణ్ణి ఆశపెట్టి, వాడు ఒక్క అడుగు ముందుకేసినప్పుడే చెయ్యి ఆడిస్తాడు. ఫుట్‌బాల్‌లో ఈ సంగతి ప్రపంచానికంతటికీ తెలిసిన రోజు ఒకటుంది. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించింది. తొమ్మిదో నంబరు చొక్కా వేసుకున్న హిడెగ్‌కుటి స్ట్రైకర్ స్థానంలో నిలబడకుండా మధ్య మైదానంలోకి దిగిపోయాడు. అతన్ని కాయాల్సిన హారీ జాన్స్టన్‌కి దిక్కు తోచలేదు. వెంట వెళ్తే వెనక ఖాళీ, ఉండిపోతే హిడెగ్‌కుటికి ఖాళీ. ఆ రోజు హిడెగ్‌కుటి మూడు గోల్స్ కొట్టాడు. వెనక్కి వెళ్ళి కొట్టాడు, అదీ విశేషం.

నేను చేసిన మార్పులు చిన్నవే. ఒక్కోటీ రెండు మూడు మ్యాచ్‌లు ఆగి చేశాను, లేకపోతే ఏ మందు పనిచేసిందో తెలియదు. స్ట్రైకర్‌ని అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్ నుంచి డీప్ లయింగ్ ఫార్వర్డ్‌గా మార్చి, సపోర్ట్ బాధ్యత ఇచ్చి కిందికి రమ్మన్నాను. వాడు ఖాళీ చేసిన చోటులోకి వెనకనుంచి పరిగెత్తేలా మిడ్‌ఫీల్డర్‌ని షాడో స్ట్రైకర్‌ని చేశాను. కుడివైపు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌ని తీసేసి గీతకి అంటుకుని ఉండే వింగర్‌ని పెట్టాను. ఆ వైపు వింగ్‌బ్యాక్‌ని వెనకే ఆపాను. ఎడమవైపు మాత్రం పాత దూకుడే ఉంచాను. మెంటాలిటీని మళ్ళీ బాలెన్స్‌డ్‌కి దించాను. అన్నిటికంటే చెయ్యి వణికింది చివరి మార్పుకి. ఎదుటివాళ్ళ మీద ఎంత పైనుంచి ఒత్తిడి పెట్టాలో చెప్పే గీతని కిందికి దించాను. వాళ్ళ డిఫెండర్లని బంతితో కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చాను. ఊపిరి పీల్చుకున్నవాడు రెండడుగులు ముందుకొస్తాడు. ఆ రెండడుగులే నాక్కావాలి.

షాట్లు పద్దెనిమిది నుంచి పదకొండుకో పన్నెండుకో పడిపోయాయి. ఎక్స్‌జీ పెరిగింది. అన్ని మ్యాచ్‌లూ గెలిచామని కాదు. నాలుగోదాంట్లో కార్నర్ కిక్ మీద గోల్ తిని ఓడిపోయాం. స్ట్రైకర్‌కి పాసిచ్చే నేర్పు లేకపోతే ఈ పథకం సగమే నడుస్తుందన్నది కూడా నిజం. మా వాడికది ఓ మోస్తరుగానే ఉంది.

ఇక ఆట మీద తీర్పు. లోపల కదిలే బొమ్మల లోకం నిజాయితీగానే ఉంది. ఖాళీ ఉంటే ఖాళీలాగే, గోడ ఉంటే గోడలాగే ప్రవర్తిస్తుంది. పేచీ దానిమీద అంటించిన మాటలతో. అటాకింగ్ అనే మాట దగ్గర అసలర్థం 'ఎక్కువ తెగించు' అని. త్వరగా ముందుకి ఇవ్వు, ప్రమాదమైనా సరే ఇవ్వు, అందరూ పైకి పొండి అని. ఎదుట చోటు లేనప్పుడు తెగింపు ఉన్న కాస్త చోటునీ తినేస్తుంది. మెట్టు పేరు చూసి మామూలు ఆటగాడు గోల్స్ వస్తాయనుకుంటాడు. సహాయ కోచ్ సలహాలు ఇంకో తలనొప్పి. ఒకడు వేగం పెంచమంటాడు, అదే తెరమీద ఇంకొకడు తగ్గించమంటాడు. విసిగిపోయినవాళ్ళు ఎవరో తయారుచేసి పెట్టిన ట్యాక్టిక్‌ని దించుకుంటారు. తప్పనను గానీ, పరీక్ష ముందు రోజు గైడు కొనుక్కున్నట్టే. పాసవుతారు. వచ్చే ఏడాది పేపరు మారితే మళ్ళీ కొట్టు ముందు నిలబడాలి.

2025 సంచికని వాళ్ళు విడుదల చెయ్యకుండానే రద్దు చేసుకున్నారు. ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన 26లో బంతి మన దగ్గరున్నప్పుడు ఒక అమరిక, లేనప్పుడు ఇంకో అమరిక విడివిడిగా గీసుకోవచ్చు. నాకు నచ్చిన మార్పు ఇది. కాగితం మీద మనవాళ్ళు కుదురుగా నిలబడ్డ బొమ్మకీ, దాడిలో నిజంగా ఉండే చోటుకీ ఎంత దూరమో ఇప్పుడు ముందే కనిపిస్తుంది. నా వరసలాంటి వరస గీసుకునేటప్పుడే కళ్ళు పొడుచుకుంటుంది.

నా పాత సేవ్ ఇంకా 24లోనే నడుస్తోంది. మొన్న మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు మా జట్టు 1-0తో ముందుంది, ఎనభయ్యో నిమిషం. "మొత్తం చూస్తున్నావా మామయ్యా?" అన్నాడు. చూస్తున్నానన్నాను. స్ట్రైకర్ కిందికి దిగాడు, వాళ్ళ సెంటర్‌బ్యాక్ వెంట రాలేదు, ఎక్కడివాడక్కడే ఉండిపోయాడు. మావాడు తిరిగి, తీరిగ్గా తలెత్తి చూశాడు.