ఆమెకేం జరిగింది సరే, ఆమె ఏం చేసింది?

మద్రాసు వైపు వెళ్లే రైలుకు తెలుగు నేల మీద చివరి స్టేషన్ మా తడ. ఆ తర్వాత వచ్చే ఆరంబాకం తమిళనాడుది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో బెజవాడ నుంచీ తెనాలి నుంచీ నటన కోసం బయల్దేరిన ఆడపిల్లలు ఎందరో ఈ పట్టాల మీదుగానే వెళ్లారు. వాళ్లలో కొందరి జీవితాలే తర్వాత సినిమాలయ్యాయి. వాళ్లకు చాలా ముందే ఈ రాయలసీమలో పుట్టిన కవయిత్రులు కూడా పాత్రలై తెర మీదికి వచ్చారు. ఈ చిత్రాలను వరసగా గుర్తు చేసుకుంటే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మగవాడి జీవితం మీద సినిమా తీసేవాళ్లు 'అతనేం చేశాడు?' అని అడుగుతారు. ఆడమనిషి జీవితం మీద తీసేవాళ్లు 'ఆమెకేం జరిగింది?' అని అడుగుతారు.

మన సీమ కథతోనే మొదలుపెడదాం. 1997లో కె. రాఘవేంద్రరావు తీసిన 'అన్నమయ్య'లో నాగార్జున నటన ఇప్పటికీ జనం నోళ్లలో ఉంది. యువకుడి చిలిపితనం నుంచి వృద్ధాప్యపు పరవశం దాకా ఆయన ఆ పాత్రను నమ్మకంగా మోశాడు. సినిమా అయిపోయాక మనకు మిగిలేది పాటలు రాసిన మనిషి. అదే సినిమాలో అన్నమయ్య భార్యలు తిమ్మక్కగా రమ్యకృష్ణ, అక్కలమ్మగా కస్తూరి ఉన్నారు. చరిత్రలో తాళ్లపాక తిమ్మక్క ద్విపదలో 'సుభద్రా కల్యాణం' రాసిన కవయిత్రి. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చెప్పేవాళ్లు చాలామంది. ఒకే ఇంట్లో ఇద్దరు కవులు ఉన్నారన్నమాట. మరి సినిమా చూసినవాళ్లకు తిమ్మక్క ఎలా గుర్తుంది? బావ చుట్టూ తిరిగే అందమైన మరదలిగా, యుగళగీతంలో సగంగా. ఆమె చేతిలోని గంటం మనకు గుర్తుండదు. రమ్యకృష్ణ శక్తిమంతమైన నటి. 'నరసింహ'లో నీలాంబరిగా కళ్లతోనే తెరనంతా ఆక్రమించిన మనిషికి ఒక కావ్యం రాస్తున్న స్త్రీ ఏకాగ్రతను చూపించడం కష్టమా? ఆ అవకాశం ఆమెకు ఇవ్వలేదు, అంతే.

అలాగని మన సినిమా కవయిత్రుల్ని అసలు పట్టించుకోలేదని అనలేం. 1970లో పద్మనాభం 'కథానాయిక మొల్ల' తీశారు. మొల్లగా నటించింది మా నెల్లూరు సీమ నటి వాణిశ్రీ. కుమ్మరింటి ఆడపిల్ల రామాయణం రాయడం ఒక పూర్తి సినిమాకు సరిపడే విషయమని యాభై ఏళ్ల కిందటే ఒకరికి తోచింది. పేరులోనే 'కథానాయిక' అని పెట్టడం చిన్న సంగతి కాదు. 2009లో వచ్చిన 'వెంగమాంబ'లో మీనా తరిగొండ వెంగమాంబగా కనిపించింది. పద్దెనిమిదో శతాబ్దంలో గుర్రంకొండ దగ్గర తరిగొండలో పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, శిరోముండనానికి తల వంచనని నిలబడ్డ స్త్రీ వెంగమాంబ. ద్విపదలూ యక్షగానాలూ రాసింది. తిరుమల ఏకాంత సేవలో ఆమె పేరు మీద ముత్యాల హారతి ఈనాటికీ సాగుతోంది. అయితే ఐతిహ్యం ఆమె తిరస్కారాన్ని మెల్లగా మహిమగా మార్చేసింది. బలవంతంగా గీయించిన జుట్టు నీళ్లలో మునిగి లేవగానే తిరిగి వచ్చిందని చెప్పుకుంటారు. ఆచారాన్ని ఎదిరించిన విధవరాలి కథ కంటే దేవుడు కరుణించిన భక్తురాలి కథ సమాజానికి సులువు. భక్తి చిత్రమనే మూసకు సహజంగా నచ్చేది కూడా ఆ రెండో కథే. ఇలాంటి పాత్ర వేసే నటి మీద బరువు ఎక్కువ. 'నేను ఒప్పుకోను' అన్న మాటను హారతి వెలుగులో కరిగిపోకుండా కాపాడుకోవాల్సింది ఆమే.

ఈ నేపథ్యంలోనే 2018 మే నెలలో వచ్చిన 'మహానటి' నాకు ముఖ్యమైన సినిమా అనిపిస్తుంది. తమిళంలో ఇదే 'నడిగైయర్ తిలగం'. రెండు భాషలూ ఇంట్లో వినిపించే మా సరిహద్దు ఊళ్లలో రెండూ చూసినవాళ్లున్నారు. సావిత్రిగా నటించిన కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఆ గౌరవం పోలికలకు వచ్చిందని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. చీర కట్టు, ముక్కుపుడక, బొద్దుతనం మేకప్ వాళ్లు తెచ్చి పెట్టగలరు. 1957 నాటి 'మాయాబజార్' సన్నివేశాన్ని తలుచుకోండి. అందులో సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఆడపిల్ల ఒంట్లో ఎస్వీ రంగారావు నడకను, కళ్లెర్రజేయడాన్ని, మీసం మెలేసే చేతిని తెచ్చింది. కీర్తి ఇప్పుడు ఆ సావిత్రి కావాలి. ఒక నటి మరో నటి పనిని ముక్కలు ముక్కలుగా విప్పి, అర్థం చేసుకుని, మళ్లీ కుట్టుకుంది. తెర మీద ఒక స్త్రీ నైపుణ్యం గురించి మరో స్త్రీ రాసిన వ్యాసం లాంటిది అది. దర్శకుడు అడిగినట్టుగా ఒక్క కంటి నుంచి, కోరినన్ని చుక్కలే రాల్చే సన్నివేశమూ అంతే. కన్నీరు ఆడదాని బలహీనత అనుకునే లోకానికి, అదే కన్నీరు శిక్షణతో అదుపులో పెట్టుకున్న పనితనం అని చెప్పిన క్షణం అది.

మా వీధిలో శ్రీసిటీ ఫ్యాక్టరీలకు షిఫ్టులకు వెళ్లే అమ్మాయిలతో ఈ సినిమా గురించి మాట్లాడితే, వాళ్లు మొదట చెప్పేది ఆ చుక్కల సన్నివేశమే. వాళ్ల అమ్మలు చెప్పేది కోమాలో పడి ఉన్న సావిత్రిని. ఒకే సినిమాలోంచి రెండు తరాలు ఇద్దరు సావిత్రుల్ని ఇంటికి తీసుకెళ్లాయి.

కానీ రెండో సగానికి వచ్చేసరికి 'మహానటి' కూడా పాత ప్రశ్నలోకే జారుతుంది. జెమినీ గణేశన్ ప్రేమ, మోసం, తాగుడు, అప్పులు, పంతొమ్మిది నెలల కోమా, 1981 డిసెంబరులో మరణం. ఇవన్నీ నిజాలే, దాచమని ఎవరూ అనరు. అయితే 1968లో 'చిన్నారి పాపలు'తో సావిత్రి దర్శకురాలైంది. ఆ సినిమాలో ముఖ్య సాంకేతిక బాధ్యతల్ని వీలైనంతగా ఆడవాళ్లకే అప్పజెప్పింది. సంగీతం పి. లీల. ఆ తర్వాత 1971 దాకా తెలుగులోనూ తమిళంలోనూ సినిమాలు తీసింది. మన స్త్రీవాద చరిత్రలో ఎంతో చోటు దక్కాల్సిన ఈ అధ్యాయం తెర మీద ఎక్కువగా నష్టాల కథకు ముందుమాటగానే మిగిలింది. కెమెరా వెనక నిలబడి మరో స్త్రీకి పని అప్పజెప్పే సావిత్రిని కీర్తి ఎలా చేసేదో చూడాలని ఉంది.

దీని పక్కన 2011 నాటి 'ది డర్టీ పిక్చర్'ను పెట్టి చూడండి. ఏలూరు ప్రాంతం నుంచి మద్రాసు వెళ్లిన విజయలక్ష్మి సిల్క్ స్మిత అయింది, 1996లో చనిపోయింది. ఆ సినిమా ఆమె జీవితకథ కాదని నిర్మాతలు అన్నారు. కానీ నాయికకు సిల్క్ అన్న పేరు ఉంచుకున్నారు. ఆ పాత్రలో విద్యాబాలన్‌కూ జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. సిగ్గుపడని ఆ దేహభాషను విద్య ధైర్యంగా చేసింది, కాదనలేం. అయినా సిల్క్ స్మితకు నృత్యం మీద ఉన్న అదుపు, కెమెరాను పట్టి నిలిపే చూపు ఒక వృత్తి నైపుణ్యమన్న ఎరుక ఆ కథకు అంతగా లేదు. ఇద్దరు తెలుగు స్త్రీల పతనాన్ని నటించి ఇద్దరు నటులు దేశంలోనే పెద్ద పురస్కారం అందుకున్నారు. స్త్రీ కూలిపోవడాన్నే మనం గొప్ప నటనగా గుర్తిస్తున్నామా అన్న అనుమానం నన్ను వదలడం లేదు.

వేరే దారి లేదా అంటే ఉంది. 1982 నాటి 'గాంధీ'లో కస్తూర్బాగా రోహిణీ హట్టంగడి పాత్ర నిడివి చిన్నదే. మరుగుదొడ్డి శుభ్రం చేయమన్న భర్తతో ఆమె గొడవపడే ఘట్టంలో, మహాత్ముడి ఎదుట తన మాట తాను చెప్పే మనిషి కనిపిస్తుంది. బాఫ్టా పురస్కారం వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. పాత్ర పెద్దది కానక్కర్లేదు. ఆమెకో అభిప్రాయం, ఓ నిర్ణయం ఉంటే చాలు, నటి మిగతాది చూసుకుంటుంది.

ఏ దర్శకురాలో తాళ్లపాక ఇంటి కథను మళ్లీ తీస్తే బాగుండు. అప్పుడు తిమ్మక్క పాత్రధారికి కొత్త పట్టుచీరలు అక్కర్లేదు. ఒక తాటాకు, ఒక గంటం, ఎవరూ పిలవని ఓ గంట సమయం ఇస్తే సరిపోతుంది.